తలుపు దగ్గరి మాట

జిరాక్స్ షాపు మీది గది నుంచి,
సోమవారం పొద్దున.

మా అమ్మలుకి,

నీ ఉత్తరం అందింది. అందినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మెట్లు దిగుతూ ఒకసారి చదివాను, ఎక్కుతూ ఇంకోసారి చదివాను. కింద జిరాక్స్ షాపాయన చూసి "పెద్దాయనా, పడతారు! ఒకచోట నిలబడి చదువుకోండి" అని అరిచాడు. సరేనని ఆయన ముందే నిలబడి ఆయనకీ చదివి వినిపించాను. మా అమ్మాయి ఉద్యోగం మానేసి టీచరైందయ్యా, అదీ చిన్నపిల్లలకి కాదు, షాపులూ ఆఫీసులూ నడిపే పెద్దవాళ్ళకి, అదీ ఊరికే కాదు, దర్జాగా ఫీజు కట్టించుకుని, అని చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "మీరింత గట్టిగా చెబుతుంటే ఇక ప్రకటనలెందుకు, వీధి వీధంతా వినేసింది" అన్నాడు. వింటే విననీ. నా కూతురు, నా ఇష్టం.

నాకు ఒక్కటే అంతుపట్టలేదు తల్లీ. ఆ మిక్సీలూ ఫ్రిజ్‌లూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర పద్దెనిమిదేళ్ళు కూర్చున్నావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరొచ్చి నీ మీద కేకలేసి పోయేవాళ్ళు. అలా తిట్లు తిన్నందుకు జీతమిచ్చారు, బాగుంది. ఇప్పుడు ఆ తిట్లు ఎలా తినాలో నేర్పినా డబ్బులిస్తారా! మీ అమ్మ ఉంటే ఎంత నవ్వేదో. ఇన్నేళ్ళూ మీ నాన్నకి ఉచితంగా నేర్పానే అని లబోదిబోమనేది.

నేనూ ఆ ఆఫీసుల బిల్డింగులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ లిఫ్టు నడిపాను కదా. ఎక్కినవాళ్ళు ఏదో ఒకటి చెప్పుకొచ్చేవాళ్ళు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ అంతస్తు వచ్చేసేది, దిగిపోయేవాళ్ళు. నా దగ్గర ఉన్నవన్నీ సగం కథలే. నీకు మాత్రం పూర్తి కథలు దొరికాయి. అందుకే నువ్వు గురువయ్యావు, నేను లిఫ్టు మనిషినయ్యాను. నా తల్లే, నా బంగారమే, ఏమని పొగడాలో తెలియడం లేదు, కాగితం అయిపోతోంది.

నా ఒంట్లో భేషుగ్గా ఉంది. తిండి, నిద్ర, నడక, అన్నీ వేళకి జరిగిపోతున్నాయి. నా గురించి బెంగ పెట్టుకోకు.

సంతోషంతో పూరీలా ఉబ్బిపోయి ఉన్న
నాన్న.

ఇంకో మాట. ఫోన్ చెయ్యకు. ఆ ఫోన్ పాడైపోయింది, నీ గొంతు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంటుంది. అసలు ఈ మధ్య ఊళ్ళో జనమంతా గొణుగుతున్నారు, ఏం వచ్చిందో వీళ్ళకి. ఉత్తరమే రాయి. ఉత్తరమైతే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు.


వంటింటి పక్క గది నుంచి,
శుక్రవారం.

నాన్నా,

నువ్వు వీధంతా చెప్పావంటే నాకేం ఆశ్చర్యం లేదు. కానీ ఇక చాలు, ఇంకెవరికీ చెప్పకు. ఇంకా మొదలే కాలేదు.

నేను నేర్పేది తిట్లు తినడం కాదు. వారానికో సాయంత్రం అందరం కంప్యూటర్ తెర మీద కలుస్తాం, ఎనిమిది వారాలు. ఒక్కొక్కరూ తమ దగ్గరికొచ్చిన కష్టమైన కస్టమర్ సంగతి చెబుతారు. మిగతావాళ్ళు వింటారు. తర్వాత అందరం కలిసి ఆ ముడి ఎక్కడ పడిందో విప్పి చూస్తాం. నేనొక్కదాన్నే మాట్లాడితే అది ఉపన్యాసమవుతుంది, గ్రూపవదు. కనీసం నలుగురుండాలి. ఇప్పటికి ముగ్గురు దొరికారు: పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చునే అమ్మాయి, సోఫాల షాపాయన, కొరియర్ ఆఫీసావిడ. నాలుగో మనిషి వస్తే మొదలుపెడతాను. ఈ మొదటి బ్యాచ్ చివరిదాకా నిలబడి, వాళ్ళు ఇంకొకరికి చెబితే, ఇదే నా పని. నిలబడకపోతే ఒక గోడౌన్‌లో పెట్టెలు చూసుకునే ఉద్యోగం ఉందన్నారు, చేరిపోతాను. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

నీకు మొదటి పాఠం ఫీజు లేకుండా చెబుతాను. మనిషి తన ఫిర్యాదంతా చెప్పేసి "అంతే" అని లేస్తాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాడు. అక్కడ అనేదే అసలు మాట. ఒక పెద్దావిడ మిక్సీ తిరగడం లేదని కౌంటర్ దద్దరిల్లేలా అరిచింది. కొత్తది ఇస్తామంటే ఇంకా అరిచింది. చివరికి తలుపు దగ్గర ఆగి, "అది మా ఆయన కొన్న ఆఖరి వస్తువమ్మా" అంది. ఆవిడకి కొత్త మిక్సీ కాదు కావాల్సింది, పాతది తిరగాలి. అప్పటి నుంచి ఎవరు "అంతే" అన్నా నేను ఫైలు మూసేదాన్ని కాదు. కాసేపు ఆగి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగేదాన్ని. నా విద్యంతా అదే.

ఫోన్ బాగు చేయించుకో. ఎప్పుడు చేసినా నేనేం అడిగానో వినకుండానే "ఆఁ ఆఁ, అంతా బాగే" అని పెట్టేస్తావు.

నీ కూతురు.


జిరాక్స్ షాపు మీది గది నుంచి,
మంగళవారం, టీ తాగుతూ.

గురువుగారైన మా అమ్మలుకి,

శుభవార్త! నాలుగో మనిషి దొరికాడు. ఎవరో చెప్పుకో చూద్దాం. మా కింద జిరాక్స్ షాపాయనే! నేను బలవంతం చెయ్యలేదు సుమా. ఆయన దగ్గరికీ కోపిష్టులు తక్కువ రారు. కాగితం వంకరగా వచ్చిందని ఒకడు, ఫొటోలో మొహం నల్లగా పడిందని ఒకడు. "మొహం నాది కాదు కదండీ, మీరు తెచ్చిందే కదా" అంటాడు ఈయన, దాంతో అగ్గి మీద ఆజ్యం పోసినట్టవుతుంది. కాబట్టి ఆయనకి నీ చదువు చాలా అవసరం. ఫీజు కూడా కట్టేశాం, అంటే కట్టేశాడు.

ఇక రెండో శుభవార్త. ఎవరికీ చెప్పొద్దన్నావు గనుక నేను నోరు విప్పలేదు. కాగితం మీద రాశాను. "ఎంతటి కోపిష్టి మనిషినైనా నిమిషాల్లో చల్లార్చే విద్య నేర్పబడును. నేర్పునది నా కూతురు." కింద నీ నంబరు. జిరాక్స్ షాపాయన ఉచితంగా కాపీలు తీసి ఇచ్చాడు. ఒకటి సెలూన్ అద్దం పక్కన, ఒకటి బస్టాపులో, ఒకటి మందుల షాపులో, ఒకటి నేను నడిపిన లిఫ్టులో అంటించాను. సెలూనాయన నా చెవి దగ్గరికి వంగి, "మా ఆవిడ ఇది చూసిందంటే నన్ను చేర్పిస్తుందండీ, తీసేయండి" అని బతిమాలాడు. నేనెందుకు తీస్తాను?

నేను హాయిగా ఉన్నాను. ఏ లోటూ లేదు.

నీ ప్రచారకర్త,
నాన్న.

ఇంకో మాట. తరగతిలో నీ మొహం తెర మీద పెద్దగా కనిపిస్తుందా, బిళ్ళంతేనా? జిరాక్స్ షాపాయన అడగమన్నాడు.


వంటింటి పక్క గది నుంచి,
ఆదివారం.

నాన్నా,

ఆ కాగితాలు ఈ క్షణమే పీకెయ్. ఒకాయన ఫోన్ చేసి, మామగారిని చల్లార్చాలి, ఇంటికొస్తారా అన్నాడు. ఇంకొకావిడ, మా కుక్క మీద పనిచేస్తుందా అని అడిగింది. కుక్కలకి వేరే బ్యాచ్ పెడతానని చెప్పాను, నిజమే అనుకుని ఎప్పుడు అంది.

కానీ జిరాక్స్ షాపాయనకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. ఆయన వల్లే మొదలైంది. రెండు తరగతులయ్యాయి. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కెమెరాకి కనిపించకుండా బల్ల కింద పెట్టుకున్నాను. పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు గబగబా సర్ది చెప్పేస్తుంది, ఆగడం రాదు. సోఫాలాయన ప్రతి ఫిర్యాదుకీ పది శాతం తగ్గింపు ఇచ్చేస్తాడు. కొరియర్ ఆవిడ కస్టమర్ కంటే ముందే అరుస్తుంది. మంచి జట్టే దొరికింది నాకు.

జిరాక్స్ షాపాయనే అర్థం కావడం లేదు. కెమెరా తెరవడు. నల్లటి గడి, దాని మీద "జిరాక్స్ షాపు" అన్న అక్షరాలు, అంతే. అందరికంటే ముందొస్తాడు, అందరూ వెళ్ళాక కూడా కాసేపుంటాడు. "అన్నయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగితే పలకడు. కాస్త కనుక్కుంటావా? నా పద్ధతి నచ్చలేదేమో.

నువ్వెలా ఉన్నావు? హాయిగా ఉన్నాను అని కాకుండా వేరే ఏదైనా రాయి.

నీ కూతురు.


జిరాక్స్ షాపు మీది గది నుంచి,
గురువారం.

మా అమ్మలుకి,

నచ్చకపోవడమా! ఆయన నీకు వీరాభిమాని అయిపోయాడు. తరగతి జరిగే రోజున మధ్యాహ్నం నుంచే కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటాడు. కెమెరా ఆపేసి ఉన్నప్పుడు చొక్కా ఎందుకయ్యా అంటే, గురువు ముందు కూర్చునేటప్పుడు మర్యాద ఉండొద్దా అంటాడు. నువ్వు ఎంత చక్కగా చెబుతున్నావో, మాట మాటకీ ఆ చేతులు తిప్పడం, మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకోవడం, ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వాల్చి చూడటం, అచ్చం మీ అమ్మే. ఆ సోఫాలాయన బట్టతల మీద లైటు పడి మెరుస్తోందట. ఆ కొరియర్ ఆవిడ వెనక అట్టపెట్టెలు మీద పడేలా ఉన్నాయట. ఆ చిన్నమ్మాయి గోళ్ళు కొరుకుతోందట, మానమని చెప్పు.

ఆయన ఎందుకు పలకడం లేదంటావా, సిగ్గరి. పుట్టుకతోనే అంత. నువ్వు పట్టించుకోకు.

వేరే ఏదైనా రాయమన్నావు. ఏం రాయను? పొద్దున లేస్తాను. నడుస్తాను. అందరూ నన్ను చూసి చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. ఇదివరకు ఆగి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడందరికీ తొందర పనులు. మంచిదే, చెయ్యి ఊపితే గొంతు నొప్పెట్టదు.

నీ కీర్తి విని మురిసిపోతున్న
నాన్న.

ఇంకో మాట. చిక్కిపోయావు. మెడ దగ్గర ఎముక తేలింది. నీ వెనక కిటికీకి ఆ బూడిద రంగు కర్టెనేమిటి, ఇంకో రంగు దొరకలేదా?


వంటింటి పక్క గది నుంచి,
బుధవారం.

నాన్నా,

జిరాక్స్ షాపాయన నా కర్టెన్ రంగు కూడా నీకు చెబుతున్నాడా? పాఠం మాత్రం వింటున్నట్టు లేదు.

నీకొక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగం మానెయ్యలేదు. తీసేశారు. కౌంటర్ ఎత్తేసి అక్కడ ఒక మిషన్ పెట్టారు. ఫోన్ చేస్తే అదే పలుకుతుంది, అదే సారీ చెబుతుంది. నీ మొదటి ఉత్తరంలో నీ సంతోషం చూశాక నిజం రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు వీధంతా చెప్పావు కదా, అందుకే ఇక దాన్ని నిజం చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు అదీ ఊగుతోంది. కొరియర్ ఆవిడ తరగతయ్యాక ఆగి నాతో అంది: "మేడమ్, మేం మా గుట్టంతా విప్పి చెప్పుకుంటున్నాం. ఆ నల్ల గడిలో ఉన్నాయన మాత్రం ఒక్క మాట చెప్పడు. మేం తలుపులు తెరిచి కూర్చుంటే ఆయన కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టుంది. ఆయన మొహం చూపించి మాట్లాడాలి, లేదంటే నేను మానేస్తాను." ఆవిడన్నది తప్పు కాదు. ఆవిడ మానేస్తే సోఫాలాయనా మానేస్తాడు. అప్పుడిక గోడౌనే.

రాబోయే ఎనిమిదో వారం, చివరి తరగతిలో అందరూ కెమెరా తెరవాలని, ఎవరి ఫిర్యాదు వాళ్ళు స్వయంగా చెప్పాలని అన్నాను. ఆయనకి అర్థమయ్యేలా చెప్పు నాన్నా. ఇష్టం లేకపోతే ఫీజు వెనక్కి పంపేస్తాను, కోపమేం లేదు. కానీ ఏదో ఒకటి తేల్చమను.

నీ కూతురు.


జిరాక్స్ షాపు మీది గది నుంచి,
శనివారం.

అమ్మలూ,

ఈ ఉత్తరం మెట్ల మీద కాదు, కూర్చుని చదివాను.

తీసేస్తే తీసేశారు. నన్నూ తీసేశారు కదా. లిఫ్టుకి మీటల పలక బిగించి, ఇక ఎవరి అంతస్తు వాళ్ళే నొక్కుకుంటారులే అన్నారు. నేను కాగితం అంటించడానికి వెళ్ళినప్పుడు చూశాను, నా స్టూలు ఇంకా అక్కడే ఉంది. దాని మీద పూలకుండీ పెట్టారు. పర్వాలేదు, ఖాళీగా ఉంచకుండా ఎవరో ఒకరిని కూర్చోబెట్టారు. నేను సరదాగా పైదాకా వెళ్ళి కిందికొచ్చాను. ఎక్కినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అందరూ ఆ అంకెల వంకే చూస్తున్నారు. మిషన్ తప్పేం లేదు, అది బాగానే ఎక్కుతుంది, దిగుతుంది.

కానీ నువ్వు ఆగలేదు. నేను స్టూలు దిగి ఇంటికొచ్చి కూర్చున్నాను, నువ్వు స్టూలు దిగి బడి పెట్టావు. అది నాకు ఎక్కువ గొప్ప. అప్పుడు పడ్డ సంతోషం ఒక్క ఇసుమంత కూడా వెనక్కి తీసుకోను, నువ్వు అడిగినా ఇవ్వను.

జిరాక్స్ షాపాయన సంగతి నాకొదిలెయ్. చెడ్డవాడు కాదు. తన వల్ల ఇంత పని జరుగుతోందని పాపం ఆయనకి తెలియదు.

నాన్న.

ఇంకో మాట. ఆయన మెల్లిగా మానేస్తే ముగ్గురే అవుతారు కదా. అప్పుడు కూడా బడి ఆగిపోతుందా? ఎటూ పాలుపోవడం లేదు, అంటే, ఆయనకి.


జిరాక్స్ షాపు మీది గది నుంచి,
ఆఖరి తరగతి మర్నాడు.

మా అమ్మలుకి,

ఇక దాచేదేం లేదు, నువ్వు చూసేశావు. అయినా నా వైపు నుంచి ఎలా జరిగిందో రాస్తాను. ఎందుకంటే నాకు కనిపించిందే తప్ప ఏమీ వినిపించలేదు.

లిఫ్టు యూనిఫాం చొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నాను. షాపాయన ఎప్పట్లాగే షట్టర్ సగం దించి, కంప్యూటర్ సౌండు కట్టేసి, నాకు కుర్చీ వేసి, తను స్టేపుల్ పిన్నులు సర్దుకుంటున్నాడు. ఈరోజు కెమెరా, మైకూ నొక్కవయ్యా అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నల్ల గడి వెలిగింది. అందులో ఎవరో ముసలాయన. కొత్తగా ఎవరు చేరారబ్బా, ఆఖరి రోజున, అనుకున్నాను. తీరా చూస్తే నా చొక్కా వేసుకున్నాడు.

నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు. నీ పెదవులు కదిలాయి. మళ్ళీ కదిలాయి. నేను నవ్వాను. నువ్వు ఇంకోసారి ఏదో అన్నావు, నేను ఇంకాస్త నవ్వాను. వినపడనప్పుడు నవ్వడం అలవాటైపోయింది తల్లీ, నవ్వు ఏ ప్రశ్నకైనా సరిపోతుంది. అప్పుడు నువ్వు మాట్లాడటం మానేసి నా వంక చూస్తూ ఉండిపోయావు.

ఇక ఆలస్యం చెయ్యకూడదని నేనే మొదలుపెట్టాను. "అయ్యా, అమ్మా, నేను జిరాక్స్ షాపు కాదు, దాని మీది గదిలో ఉంటాను. ఈ మేడమ్ మా అమ్మాయి. ఒక మనిషి తక్కువయ్యాడంటే నేను చేరాను. నాకు చెవులు పోయాయి. మీరు చెప్పిన గుట్టు ఒక్కటి కూడా నా చెవిన పడలేదు, కొరియర్ అమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు. పలక్కపోవడం పొగరు కాదు. నా వల్ల ఈ బడి మూతపడకూడదు, అది చెప్పడానికే వచ్చాను. అంతే" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, షాపాయన పిన్నుల డబ్బా కింద పడింది.

అందరూ కదలకుండా కూర్చున్నారు. తెర ఆగిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఆ గోళ్ళు కొరికే అమ్మాయి పక్కకి వంగి కాగితం తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో ఏదో రాసి తెరకి ఎదురుగా పట్టుకుంది. "ఇంకేమైనా ఉందా?" అని ఉంది. పట్టుకుని దించలేదు. అలాగే ఆగింది. నీ పాఠం ఆ అమ్మాయికి బాగా ఒంటబట్టింది తల్లీ, నా ఛాతీ ఎంత ఉబ్బిందో!

నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. నువ్వు కళ్ళజోడు తీశావు, తుడుచుకోలేదు, చేతిలో పట్టుకున్నావు. సోఫాలాయన బట్టతల వంచుకున్నాడు. కొరియర్ ఆవిడ రెండు చేతులూ ఎత్తి నాకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. తర్వాత షాపులో కరెంటు పోయింది.

కోపంగా ఉంటే నన్ను తిట్టు. ఆ విద్య మీ అమ్మ దగ్గర ఎప్పుడో పూర్తి చేశాను.

నాన్న.

ఇంకో మాట. చెవికి మిషన్ పెట్టించుకోవచ్చు కదా అంటావు. డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పెట్టుకుని ఈ గదిలో ఏం వినాలి అమ్మలూ? కుళాయి చుక్కలా, గడియారమా?


వంటింటి పక్క గది నుంచి,
వెంటనే రాస్తున్నాను.

నాన్నా,

నేనన్నది "నాన్నా" అని. అన్నిసార్లూ అదే అన్నాను. నువ్వు నవ్వుతూనే ఉన్నావు, అప్పుడు తెలిసింది.

ఏమన్నావో గుర్తు లేదన్నావు. నాకు గుర్తుంది, రాస్తున్నాను చదువుకో. ఆ కాగితం చదివి నువ్వన్నావు: "ఇవాళ్టితో అయిపోయిందట కదమ్మా. వచ్చే వారం ఈ సాయంత్రం నేనేం చెయ్యాలో తెలియడం లేదు."

నీ కరెంటు పోయాక కూడా మేమంతా ఉన్నాం. మొదట కొరియర్ ఆవిడ మాట్లాడింది. "మేడమ్, మీరు వారం వారం చెప్పింది నాకు ఇప్పుడు అర్థమైంది" అంది. తన ఆఫీసులో ముందు వరసలో కూర్చునే వాళ్ళందరినీ వచ్చే బ్యాచ్‌లో చేర్పిస్తానంది. సోఫాలాయన తన తమ్ముణ్ణి పంపిస్తానన్నాడు, ఫీజులో పది శాతం తగ్గింపు అడిగాడు. గోడౌన్ వాళ్ళకి రానని చెప్పేశాను. నీ బడి నిలబడింది నాన్నా.

తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను, ఈసారి సంతకం కింద నుంచి. జనం గొణుగుతున్నారు. మొహం పెద్దగా కనిపిస్తుందా. చిక్కిపోయావు. ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి చెబుతూనే ఉన్నావు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం పద్దెనిమిదేళ్ళు ఆగినదాన్ని, నీ దగ్గర మాత్రం "అంతా బాగే" అనగానే ఫైలు మూసేశాను.

నా మాట కూడా ఒకటుంది. తరగతి అయిపోయి అందరూ వెళ్ళాక ఈ గదిలో నా గొంతు తప్ప ఏమీ మిగలదు. కానీ జిరాక్స్ షాపు గడి ఇంకా ఉండేది. ఎవరో తెలియకపోయినా, అది పోయేదాకా నేనూ ఆపేదాన్ని కాదు. ఏదో ఒక పుస్తకం తిరగేస్తూ కూర్చునేదాన్ని. నువ్వు నన్ను చూస్తూ, నేను నీ నల్ల గడిని చూస్తూ, ఇద్దరం ఒకరికొకరం కాపలా కాశాం.

నా బడి అంతా ఒక బల్ల మీద పడుతుంది. నీ గదిలో ఒక బల్ల పడుతుందా? మొదట చెవుల డాక్టరు దగ్గరికి వెళదాం, తర్వాత సంగతి తర్వాత.

ఇంకేమైనా ఉందా, నాన్నా?

నీ కూతురు.


జిరాక్స్ షాపు మీది గది నుంచి,
నీ ఉత్తరం అందిన గంటలోనే.

మా అమ్మలుకి,

ఇంకో మాట. ఈసారి ముందే రాసేస్తున్నాను, కిందిదాకా దాచుకునే ఓపిక లేదు. జనం గొణగడం లేదు, ఫోన్ పాడవలేదు. గది చాలా నిశ్శబ్దంగా ఉంది. మెట్ల మీద ఎవరైనా వస్తే తలుపు తీసి చూస్తే తప్ప తెలియదు, అందుకని ఊరికే తీసి చూస్తుంటాను. చెవి మిషన్ పెట్టించు, నీ గొంతు వింటాను. నువ్వు రా.

హమ్మయ్య. ఇక సంతోషం రాస్తాను. బల్ల పడుతుంది! మంచం గోడ వైపు జరిపి చూశాను, షాపాయన వచ్చి టేపుతో కొలిచాడు. కిటికీ పక్కన అయితే నీ మొహం మీద వెలుగు పడుతుంది. కర్టెన్ కొన్నాను, పసుపుపచ్చది, బూడిద రంగు జోలికి పోకు. సెలూనాయనకి చెప్పాను, మందుల షాపులో చెప్పాను, లిఫ్టు దాకా వెళ్ళి ఆ పూలకుండీకి కూడా చెప్పాను. షాపాయన ఒక కాగితం మీద రాసి నా మొహం ముందు పెట్టాడు: "పెద్దాయనా, ఇక మీ తరగతి మా షాపులో కాదన్నమాట. నా కుర్చీ నాకిస్తారా?" ఇవ్వనన్నాను. రెండో బ్యాచ్‌లో కూడా నేను చేరుతున్నాను. మొదటిసారి ఫీజు మొత్తం కట్టి ఒక్క ముక్క వినలేదు, అది ఎలా వదులుకుంటాను?

ఆ గోళ్ళు కొరికే అమ్మాయిని నేను అడిగానని చెప్పు.

ఏ బస్సుకి వస్తున్నావో రాయి. నేను స్టాండు దగ్గరే ఉంటాను, ఇస్త్రీ చొక్కాలో. వెనక నుంచి పిలవకు, ఎదురుగా రా.

నాన్న.

కింద ఏమైనా రాశానేమోనని వెతక్కు తల్లీ. ఈసారి అంతా పైనే ఉంది.